కొయ్యకొలువులో పెళ్ళిలక్క

గుగ్గిలగిరి కోటను దూరం నుంచి చూసినవాళ్ళు బంగారుకోట అనుకుంటారు. పొద్దుటి ఎండ పడితే బురుజులు తేనెరంగులో ధగధగలాడతాయి. గవాక్షాలు మణిదీపాల్లా వెలుగుతాయి. శిఖరాల మీది కొయ్యపక్షులు ఇప్పుడో ఇంకాసేపటికో ఎగరబోతున్నట్టు రెక్కలు మెరిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి చెయ్యి ఆనిస్తే గానీ అసలు సంగతి తెలియదు. కోటంతా కొయ్య, కొయ్య మీద గుగ్గిలం కరిగించి పోసిన మెరుగుపూత. పైన పటారం, లోన లొటారం అనే సామెత ఆ కోటను చూసే పుట్టి ఉండాలి.

ఆ ఉదయం కోట వాకిట్లో ఒక ముసలివాడు నిలబడ్డాడు. నడుము వంగింది, గడ్డం బొడ్డుదాకా దిగింది, నెత్తిన గంప ఉంది. గంపలో సొరబుర్రలు, ఒక దూదిమూట, ఒక మొగలిరేకుల కట్ట ఉన్నాయి. ముసలితనమంతా ఆ గడ్డంలోనే ఉంది. తుమ్మబంకతో అంటించిన ఆ గడ్డాన్ని పీకేస్తే అతడు అంకుడుపల్లె లక్కపనివాడు పోతరంగడు, పెళ్ళయి ఏడాదైనా తిరగని పడుచువాడు. బంకమడుగులో మొసళ్ళ నోట పడకుండా ఈది, ముళ్ళకోనలో ఒళ్ళంతా చీరుకుని, భార్యను వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చాడు.

ఆ భార్య పేరు చెంగలువ. ఆమె కథ తెలియాలంటే అంకుడుపల్లె పెళ్ళి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఊరివాళ్ళు అంకుడుకర్రతో బొమ్మలు చేసి, లక్క పూసి, మొగలిరేకుతో మెరుగుపెట్టి బతుకుతారు. వాళ్ళ పెళ్ళిళ్ళలో తాళి కన్నా ముందు పెళ్ళిలక్క. పెళ్ళికొడుకు తన చెట్ల లక్కను తన చేత్తోనే కరిగించి, పెళ్ళికూతురి చేతిగోళ్ళకు పూయాలి. పూత ఆరేలోగా వంగి, ఆ గోళ్ళలో తన ముఖం చూసుకోవాలి. ఆ ముఖం మెరుగులో నిలిచిపోయి, అక్కడి నుంచి భార్య కళ్ళలోకి ఎక్కుతుందని వాళ్ళ నమ్మకం. గోరు పెరిగినకొద్దీ భర్తే కూర్చుని అంచు నింపుతాడు. ఆ లక్కను తీసేది ఒక్కనాడే, భర్త కాటికి పోయిననాడు. అంకుడుపల్లెలో ఆడదాని ఉత్తగోళ్ళు కనబడితే ఎవరూ ఏమీ అడగరు, తలొంచుకుని పక్కకు తప్పుకుంటారు.

చెంగలువ గోళ్ళు మెరిసినట్టు ఆ ఊళ్ళో ఎవరి గోళ్ళూ ఎన్నడూ మెరవలేదు. దానిమ్మగింజ రంగులో, అద్దం కన్నా తేటగా ఉండేవి. పోతరంగడు లక్క కోసం అడవికి పోయిన ఒక మధ్యాహ్నం, మాంత్రికుడు నిర్యాసుడు అచ్చంగా పోతరంగడి రూపంలో ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. "గోరు పెరిగింది, అంచు నింపుతాను, చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. ఆమె ఇచ్చింది. ఆఖరి గోరుకు అతడి గుగ్గిలం పూత పడేసరికి చెంగలువ నిలువునా కొయ్యబొమ్మయిపోయింది. ఆ బొమ్మను భుజాన వేసుకుని వీధి వెంట పోతుంటే, ఇరుగుపొరుగువాళ్ళు పోతరంగడు సంతకు పోతున్నాడనుకుని పలకరించారు కూడా. సాయంత్రం అడవి నుంచి వచ్చిన అసలు పోతరంగడు ఆ మాట విని, దారిలో రాలిన గుగ్గిలం చుక్కల జాడ పట్టుకుని బయల్దేరాడు.

కోట వాకిలి ముందు కొయ్య ద్వారపాలకుడు కళ్ళురిమాడు. మెడ తిప్పబోతే కిర్రుమంది.

"ఎవడ్రా ముసలోడా? చావడానికి నీకింకో చోటు దొరకలేదా?"

"చావుకు తొందరేముంది దొరా, అది ఎటూ వస్తుంది. పాతపూత తీస్తాను, కొత్తపూత వేస్తాను, పగుళ్ళు పూడుస్తాను. పని దొరికితే చేసుకుందామని వచ్చా. తమ మెడ ఏదో కిర్రుమంటోంది, ఒక్క చుక్క నువ్వులనూనె వెయ్యమంటారా?"

పోతరంగడు మెడసందులో నూనె వేసి మొగలిరేకుతో నిమిరాడు. ద్వారపాలకుడు తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎన్నాళ్ళ నుంచో చూడని తన వెనకవైపును చూసుకుని, "అబ్బ, ఇక్కడో గోడుందా!" అని ఆశ్చర్యపోయి, తలుపు తీశాడు.

లోపలి ముంగిట్లో నిర్యాసుడు ఎదురయ్యాడు. తల మీది ఒక్కో వెంట్రుకా బంకతో అతికినట్టుంది. ఒళ్ళంతా నున్నగా, పూత ఆరని పెట్టెలా మెరుస్తోంది. అతడు మాట్లాడబోయినప్పుడు పెదవులు ఒకదాన్నొకటి అంటుకుని, విడివడడానికి కాసేపు పట్టేది.

"పని వచ్చునా, లేక తిండికి వచ్చావా?"

"రెండూ వచ్చు దొరా."

నిర్యాసుడు గంపలో చెయ్యి పెట్టి ఒక బుర్ర మూత తీశాడు. దేవదారు నూనె. రెండోది నువ్వులనూనె. మూడోదాని మూత తీయగానే ఘాటు గుప్పుమంది. అతడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేమిట్రా?"

"ఇప్పసారా దొరా. ముసలిప్రాణం, పొద్దుగూకితే ఒక గుక్క పడాలి."

"తాగుబోతు ముండాకొడకా! అది నా దగ్గరికి తేకు" అన్నాడు నిర్యాసుడు. లక్కను కరిగించేది సారాయేనని లక్కపనివాడికి వేరే చెప్పాలా? మాంత్రికుడి ఒంటిపూత కూడా ఏదో అంత గట్టిది కాదని పోతరంగడు మనసులో గుర్తుపెట్టుకున్నాడు.

"మేడ మీది గండభేరుండానికి రెక్కల్లో పూత లేచింది. తర్వాత కొయ్యకొలువులో ఒక ముసలిదానికి నోటి దగ్గర పగిలింది, పూడ్చు. పూత పగిలితే లోపలివాళ్ళు మేలుకుంటారు. మేలుకుంటే ఏడుస్తారు. నాకు ఏడుపు గిట్టదు" అన్నాడు నిర్యాసుడు. తర్వాత గొంతు తగ్గించి, "గోళ్ళ మీది పూతకు మాత్రం చెయ్యి తగిలిందో, నీ గోళ్ళు కూడా నావే" అన్నాడు.

తాళం ఎక్కడుందో దొంగకు యజమానే చూపించినట్టయింది.

మిట్టమధ్యాహ్నమైంది. ఎండ ముదిరేసరికి నిర్యాసుడి ఒళ్ళు జిగురెక్కి, నడిస్తే పాదాలు నేలకు అంటుకోసాగాయి. రోజూ ఆ వేళకు అతడు చన్నీళ్ళ దిగుడుబావిలోకి దిగి, గొంతుదాకా మునిగి నిద్రపోతాడు. పొద్దు వాలితే గానీ లేవడు. పోతరంగడికి ఉన్న వ్యవధి అంతే.

అతడు ముందు మేడ ఎక్కాడు. రెండు తలల గండభేరుండం పిట్టగోడ మీద రెక్కలు విప్పి కొయ్యబారి ఉంది. పుల్లకు దూది చుట్టి, దేవదారు నూనెలో ముంచి, దాని కాలిగోటి మీద దొర్లించాడు. రుద్దకూడదు, దొర్లించాలి. రుద్దితే పూతతోపాటు అడుగున ఉన్నదీ పోతుంది. దూదికి పసుపుపచ్చని జిడ్డు అంటింది. నువ్వులనూనెతో తుడిచి, ఇంకో గోరు పట్టుకున్నాడు. ముందే ఎగిరిపోకుండా ఒక్క గోరు వదిలి, మిగతావన్నీ తేటపడేసరికి, పక్షి కుడితల కన్ను ఒకసారి మూసి తెరిచింది. "కాసేపు ఓపిక పట్టు తండ్రీ" అని ఆ ముక్కును నిమిరి, పోతరంగడు గంప ఎత్తుకుని కొలువులోకి పరుగెత్తాడు. దేవదారు నూనెతో పోయే పూతే కదా, చెంగలువ తన చేతికి వచ్చేసినట్టేనని అతడి గుండె తబలా వాయించింది.

కొయ్యకొలువు అంత దుఃఖపు చోటు భూమ్మీద ఇంకొకటి లేదు. సింహాసనాల మీద రాజులు, చామరాలు వీస్తూ పరిచారికలు, కాలు ఎత్తిన నర్తకి, ఆ నర్తకిని చూసి నవ్వబోయి ఆగిపోయిన పసిపాప. అందరి మీదా ఏళ్ళనాటి పూత పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, కొందరి ముఖాలు కషాయంలా నల్లబడి ఉన్నాయి. ఎవరు ఎవరో పోల్చడానికి లేదు. పోతరంగడు బొమ్మల చేతులు చూసుకుంటూ వాటి మధ్య తిరిగాడు. ముఖం తెలియకపోతే పోయె, తాను పూసిన ఎరుపు తనకు తెలియదా?

ఒకచోట పూత కింద ఎర్రగోళ్ళు కనబడ్డాయి. ఆశగా వంగాడు.

"నేను కాదు బాబూ. ఎర్రగోళ్ళు చూసుకుంటూ తిరుగుతున్నావంటే, నువ్వు వెతికే పిల్ల ఆ నెమలిస్తంభం పక్కనుంది" అన్నదా బొమ్మ.

అది ముసలిబొమ్మ. నోటి దగ్గర పూత పగిలి, ఆ పగుల్లోంచి మాట వస్తోంది. ఆమె పాదాల దగ్గర ఒక ముసలివాడి బొమ్మ, తల పైకెత్తి ఆమె చేతుల వైపే చూస్తూ కూర్చుని ఉంది.

"అవ్వా, నీ గోళ్ళకు పెళ్ళిలక్క ఉందేం?"

"నాదీ మీ ఊరే నాయనా. కాళమ్మనంటే ఇప్పుడెవరికి గుర్తు? ముందు నీ పిల్ల దగ్గరికి పో. పొద్దు నిలబడదు."

నెమలిస్తంభం పక్కన చెంగలువ ఉంది. కుడిచెయ్యి ముందుకు చాచి, భర్తకు చెయ్యి అందించిన ఆనాటి వైనంలోనే నిలబడి ఉంది. పెదవుల మీద చిన్ననవ్వు కూడా అలాగే ఉంది. పోతరంగడు ఆ చేతిని తన కళ్ళకు అద్దుకున్నాడు. అది చెక్కలా చల్లగా ఉంది. ఏడవడానికి వేళ కాదని తనను తానే తిట్టుకుని, దూది తీశాడు.

ఒక్కొక్క గోరే తేటపడింది. మురికిపసుపు పూత కింద నుంచి దానిమ్మగింజ ఎరుపు మళ్ళీ తళుక్కుమంది. పది గోళ్ళూ తుడవడమైంది. పోతరంగడు ఊపిరి బిగబట్టి చూశాడు. చెంగలువ కదల్లేదు. నూనె మళ్ళీ దొర్లించాడు. దూది తెల్లగానే వచ్చింది. పైన ఇంక పూత లేదు. అయినా ఆమె కొయ్యే.

"కదల్లేదు కదా? కదలదు నాయనా. పైపూత పోయినా కొయ్యగానే ఉందంటే, వాడి బంక లోపలి లక్కలోనే ఉంది. పెళ్ళిలక్క కాచేటప్పుడు నువ్వు అందులో ఏం కలిపావు?" అంది కాళమ్మ అవ్వ.

పోతరంగడి చేతిలోంచి పుల్ల జారిపోయింది.

పెళ్ళికి ముందు ఊళ్ళోకి ఒక తిరుగుడు బేరగాడు వచ్చాడు. పోతరంగడి లక్కమూకుడులోకి తొంగిచూసి, "బానే ఉంది గానీ అబ్బీ, నలుగురి గోళ్ళలాగే ఉంటాయి" అన్నాడు. తేనెబొట్టులాంటి బంకపూస ఒకటి చేతిలో పెట్టి, ఇది కలిపి చూడమన్నాడు. తన చెట్ల లక్క తప్ప వేరేది కలపకూడదని పోతరంగడికి తెలుసు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ తన పెళ్ళాం గోళ్ళు నలుగురి గోళ్ళలా ఎందుకుండాలి? కలిపాడు. పెళ్ళిలో ఆడవాళ్ళంతా ఆ మెరుగు చూసి ముక్కున వేలేసుకుంటే, మీసం మెలితిప్పుకున్నాడు. ఆ సంగతంతా ఇప్పుడు తలొంచుకుని అవ్వకు చెప్పాడు.

"ఆ బేరగాడు ఈ నిర్యాసుడే. మీ తాతలనాటి నుంచీ వాడికి అదే వల. అంకుడుపల్లె పెళ్ళికొడుక్కి అన్నం లేకపోయినా ఫరవాలేదు, తన మెరుగు పక్కవాడి మెరుగు కన్నా ఒక్క పిసరు ఎక్కువుండాలి. మా ఆయనా అంతే. పటాలు రాసి పూతవేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. నన్ను వెతుక్కుంటూ నీలాగే వచ్చాడు. నూనెతో పైపూత తీశాడు. లోపలి లక్క తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు" అంది అవ్వ.

"ఎందుకు రాలేదవ్వా? ఇప్పసారాతో పోతుంది కదా?"

"పోతుంది. లక్కతోపాటు లక్కలో నిలిచిన నీ ముఖమూ పోతుంది. నాకప్పటికే చెవి దగ్గర పూత పగిలింది, అంతా విన్నాను. వాడు వెనక నిలబడి నవ్వుతూ చెప్పాడు, 'తియ్యరా, తీసి చూడు. లేస్తుంది, నడుస్తుంది, మొగుడొకడున్నాడని కూడా గుర్తుంటుంది. నువ్వే ఆ మొగుడివని మాత్రం ఈ జన్మకు పోల్చుకోలేదు.' మా ఆయన సారాబుర్ర కింద పెట్టి ఇక్కడ కూర్చున్నాడు. నా చేతుల వైపు చూస్తూ, రేపు తీస్తా, రేపు తీస్తా అంటూ ఉండిపోయాడు. కూర్చున్నవాడికి కూర్చున్నట్టే వాడు పూత వేసేశాడు."

పోతరంగడు ఇప్పటిదాకా మొసళ్ళకు భయపడలేదు, మాంత్రికుడికి భయపడలేదు. తన భార్య తనను చూసి ఎవరు నువ్వు అంటుందనే ఆలోచనకు భయపడ్డాడు. అతడు చెంగలువ నవ్వును చూశాడు. కొయ్యగా ఉన్నంతకాలం ఆ నవ్వు తనదే. తీసేస్తే ఎవరిదో?

"అవ్వా, ఒక్క గోరు ఉంచేస్తే?"

"ఒక్క గోరులో ఉన్న కొయ్య గుండెదాకా పాకుతుంది. ఉంచకు." అవ్వ మెల్లగా అడిగింది. "నాయనా, నీ నూనెలో ఒక్క దూదిముక్క ఖర్చుపెట్టి మా ఆయన ముఖం తుడుస్తావా? నల్లబడి నాకు కనబడ్డం లేదు. ఎదురుగానే ఉన్నాడు, చూసి ఎన్నాళ్ళో అయింది."

పొద్దు జారుతోంది. అయినా పోతరంగడు కాదనలేకపోయాడు. ముసలివాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పటాన్ని శుభ్రం చేసినట్టు నుదుటి నుంచి కిందికి దూది దొర్లించాడు. నల్లదనం విడిపోయి ముడతలు బయటపడ్డాయి. కళ్ళు బయటపడ్డాయి. ఆ కళ్ళ కింద రెండు బొట్లు, కారుతూ కారుతూ పూతలో చిక్కుకుని గట్టిపడిన కన్నీళ్ళు ఉన్నాయి. భార్య చేతుల వైపు చూస్తూ, చెయ్యి ఎత్తలేక, ఏళ్ళ తరబడి ఆ మనిషి అలాగే ఉన్నాడు.

"బాగా ముసలాడైపోయాడే" అంది అవ్వ, ఏడుస్తూ.

పోతరంగడు లేచాడు. సారాబుర్ర మూత పళ్ళతో పీకాడు. తన గడ్డాన్ని కూడా పీకేసి అవతల పారేశాడు. పోయే ముఖమే అయినా, కళ్ళు తెరిచేసరికి ఆమెకు ఎదురుగా ఆ ముఖమే ఉండాలనుకున్నాడు.

సారాలో ముంచిన దూది గోటికి తగలగానే ఎర్రగా అయింది. ఆ ఎరుపు తాను చెట్టుచెట్టూ ఎక్కి గీకి తెచ్చిన లక్కలోది. దూది మార్చాడు, మళ్ళీ దొర్లించాడు. బొటనవేలు మెత్తబడింది. చూపుడువేలు వెచ్చబడింది. ఊళ్ళో ఈ పని చేసేది కాటి నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడ మొగుడే బతికుండి, తన చేత్తో తన పెళ్ళిని తుడిచేస్తున్నాడు. దూదిముక్కలు కింద రాలి, నేల మీద మోదుగపూలు చల్లినట్టయింది.

ఆఖరికి చిటికెన వేలు మిగిలింది. ఏడడుగులు నడిచేటప్పుడు పట్టుకున్న వేలు. పోతరంగడు వంగి ఆ గోటి మెరుగులోకి చూశాడు. గింజంత చిన్నదిగా తన ముఖం కనబడింది. పెళ్ళినాడు చూసుకున్న పొగరుమోతు ముఖం ఇప్పుడు ఏడుస్తోంది.

"వెళ్ళొస్తానే చెంగలువా" అని, దూది దొర్లించాడు.

ఒళ్ళంతా కప్పిన పూత పాముకుబుసంలా ఒక్కసారిగా జారి కిందపడింది. చెంగలువ నిట్టూర్చి, తూలి, అతడి భుజం పట్టుకుంది. కళ్ళు తెరిచి, ముఖం మీదికి ముఖం పెట్టి చూసింది.

"ఎవరన్నా నువ్వు?" అంది.

కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని అన్నా అంది! తెలిసి సిద్ధపడ్డ మాటే అయినా, పోతరంగడికి చెంప మీద కొట్టినట్టయింది.

"నేనే చెంగలువా. రంగణ్ణి. నీ మావని."

ఆమె చెయ్యి విదిలించుకుని స్తంభం వెనక్కి జరిగింది. "ఆ మాట ముందూ ఒకడన్నాడు. చెయ్యి ఇమ్మన్నాడు, ఇచ్చాను. ఇంకోసారి మోసపోతాననుకున్నావా? మా మావ నాకు తెలుసు. నువ్వు... నువ్వెవరో నాకు తెలీదు."

గవాక్షంలోంచి పడే ఎండ హఠాత్తుగా ఆరిపోయింది. ఎక్కడి నుంచో ఒక కారుమబ్బు వచ్చి పొద్దును కప్పేసింది. దిగుడుబావిలో నీళ్ళు భళ్ళుమన్నాయి. ఎండ చల్లబడితే మాంత్రికుడి ఒంటిజిగురు గట్టిపడుతుంది, గట్టిపడితే మెలకువ వస్తుంది.

"నాయనా, పరుగెత్తు!" అని అవ్వ అరిచింది.

"తల్లీ, నేను పూతపనివాణ్ణి. నీ మావ పంపితే వచ్చాను. నమ్మితే నా వెంట రా, నమ్మకపోతే నా ముందు పరుగెత్తు" అన్నాడు పోతరంగడు. నీ మావ అనే మాటకు చెంగలువ కళ్ళు వెలిగాయి. ఇద్దరూ మేడమెట్ల వైపు దూసుకుపోయారు.

మెట్ల మొదట్లో నిర్యాసుడు అడ్డం వచ్చాడు. నీళ్ళోడుతున్నాడు, నోరు విడివడక ముందే కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. అతడు చెంగలువ జడ అందుకోబోయాడు. పోతరంగడు సారాబుర్ర వంచి ఆ చేతి మీద గుమ్మరించాడు. నున్నని మెరుగు చిక్కని పాకంలా కరిగి మోచేతి నుంచి కారసాగింది. కింద ఎండుకట్టెలాంటి చెయ్యి ఒకటి బయటపడింది. కోట అదిరేలా మాంత్రికుడు కేక పెట్టాడు. ఆ కేకకు కొలువులో నలుమూలలా పూత పగిలి, లోపలివాళ్ళంతా ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టారు.

మేడ మీద పోతరంగడు గండభేరుండం ఆఖరి గోటిపూతను నూనెదూదితో ఊడ్చేశాడు. పక్షి రెండు గొంతుల్తో అరిచి రెక్కలు విదిల్చింది. కింద నుంచి కొయ్యభటులు ఈటెలు విసురుతుండగా, ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుని ఆకాశంలోకి లేచింది. ఒక ఈటె పోతరంగడి పిక్కను చీరుకుంటూ పోయింది. ఇంకొకటి దేవదారు నూనె బుర్రను ఎగరగొట్టింది. వాకిట్లో ద్వారపాలకుడు మాత్రం నూనె వేసిన మెడను హాయిగా వెనక్కి వంచి, వాళ్ళు పోతున్నంతసేపూ చూశాడు గానీ ఈటె ఎత్తలేదు.

బంకమడుగు మీదికి వచ్చాక గాలి నెమ్మదించింది. చెంగలువ ముందు కూర్చుని కుడితల మెడను పట్టుకుంది. పోతరంగడు వెనక నుంచి చెయ్యి చాచి ఎడమతల మెడను పట్టుకున్నాడు. మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. ఆ ఎండలో ఆమె మొదటిసారిగా తన చేతులు చూసుకుంది.

ఉత్తగోళ్ళు.

ఆమె ఆ గోళ్ళను తిప్పి తిప్పి చూసింది. చీరచెంగుతో తుడిచి మళ్ళీ చూసింది. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన కేకకు పక్షి రెక్కలు తడబడ్డాయి.

"మావా! మావా, పోయావా! నా గోళ్ళ లక్క తీసేశారా! ఓరి దేవుడో, నేను కట్టెనై పడుంటే నువ్వు కాటికి పోయావా మావా! అడవి నుంచి వస్తే అన్నం పెడదామని ఉట్టి మీద పెట్టానే, తినకుండానే పోయావా!"

వెనక కూర్చున్నవాడు వింటున్నాడు. తనకోసం ఇంతగా ఏడ్చే మనిషి ఎదురుగానే ఉన్నా, ఓదార్పుగా భుజం మీద చెయ్యి వేయడానికి కూడా అతడికి హక్కు లేదు. నేను చావలేదని చెబితే మాంత్రికుడంటుంది, దూకేసినా దూకేస్తుంది. పోతరంగడు పక్షి మెడను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి ఆమె వెక్కుతూ అడిగింది. "నువ్వు మావ పంపితే వచ్చానన్నావు. ఆయన ఎలా పోయాడో తెలుసా అన్నా?"

"తెలుసమ్మా. నా కళ్ళముందే పోయాడు."

"ఎక్కడ?"

"ఆ కొయ్యకొలువులో. నీ పాదాల దగ్గరే."

అనకూడని మాట. దుఃఖమే అతడి చేత అనిపించింది. అని నాలుక కరుచుకునేలోగా చెంగలువ ఏడుపు టక్కున ఆగిపోయింది.

"అయితే వెనక్కి తిప్పు."

"తల్లీ, వెనక చావుంది."

"మావ కూడా అక్కడే ఉన్నాడుగా. దిక్కులేని శవంలా ఆ బొమ్మల మధ్య పడుంటే, నేను ఇంటికెళ్ళి ఏ ముఖం పెట్టుకుని పొయ్యి రాజేస్తాను? నోట్లో ఇన్ని నీళ్ళు పొయ్యాలి. ఆయన ముఖం నాకు... నాకు సరిగ్గా గుర్తు రావడం లేదన్నా. ఒక్కసారి చూసుకోవాలి. తిప్పు!"

ఆమె కుడితలను రెండు చేతులా పట్టి కోట వైపు గుంజింది. పోతరంగడు ఎడమతలను ముందుకే బిగబట్టాడు. పాపం ఆ పక్షి ఏ తల మాట వినాలో తెలియక గింగిరాలు తిరుగుతూ కిందికి జారసాగింది. మడుగులో మొసళ్ళు నోళ్ళు తెరిచి తలలు పైకెత్తాయి. దూరాన బురుజు మీద, కరిగిన చేతిని ఛాతీకి అదుముకుని నిర్యాసుడు నిలబడి ఉన్నాడు. అతడి చుట్టూ శిఖరాల మీది కొయ్యపక్షులు ఒక్కొక్కటే రెక్కలు విప్పుకుంటున్నాయి.

పోతరంగడి చేతుల్లో బలముంది. ఇంకొంచెం బిగిస్తే పక్షి అతడి దారికే వచ్చేది. కానీ మొగుడి కోసం చావుకు ఎదురుపోతానంటున్న భార్యను ఏ మొగుడు ఏ నోటితో వద్దంటాడు? కొలువులో అవ్వ ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది.

అతడు తన చేతిలోని మెడను వదిలేశాడు. రెండు తలలూ గుగ్గిలగిరి వైపు తిరిగాయి.

"వస్తున్నాను మావా!" అని చెంగలువ కోటను చూస్తూ కేక పెట్టింది. ఆమె వెనక కూర్చున్న పోతరంగడు, అవ్వ గోళ్ళకూ మాంత్రికుడి ఒంటికీ చాలుతుందా అని, బుర్ర అడుగున సారా ఎంత మిగిలిందో కదిపి చూసుకున్నాడు.